నలభై వేల కొత్తది వద్దు, ముందు ఆ హార్డ్ డిస్క్ మార్చండి

ప్రశ్న: మాది జగిత్యాల. ఇంట్లోనే డీటీపీ పని చేస్తాను. శుభలేఖలు, కరపత్రాలు, బడుల ప్రశ్నపత్రాలు టైపు చేసి, ట్రేసింగ్ తీసి ప్రెస్సుకు ఇస్తాను. 2014లో కొన్న అసెంబుల్డ్ కంప్యూటర్. ఐ3 నాలుగో తరం, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. పేజ్‌మేకర్, అను ఫాంట్లు అందులోనే ఉన్నాయి, వాటి సీడీలు ఎప్పుడో పోయాయి. పొద్దున ఆన్ చేస్తే పని మొదలుపెట్టే వీలు వచ్చేసరికి వంట సగం అయిపోతుంది. గడియారం కూడా రోజూ తప్పు చూపిస్తోంది. విండోస్ 10కు సపోర్టు అయిపోయిందని తెర మీద వస్తోంది. దుకాణంలో చూపిస్తే, ఇది పాత సామానుకు వేసి నలభై వేలు పెట్టి కొత్తది కొనమన్నారు. ఇంకో దుకాణంలో ఫార్మాట్ చేసి విండోస్ 11 వేస్తామన్నారు. మా అమ్మాయి ఈ ఏడు బీకాం కంప్యూటర్స్‌లో చేరుతోంది, తనకూ కంప్యూటర్ కావాలి. చీటీ డబ్బు 12,000 ఉంది, ఇప్పట్లో అంతకు మించి కుదరదు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, నా సమాధానం మీకు అందేలోపు ఎవరైనా మీ కంప్యూటర్‌ను ఫార్మాట్ చేసేస్తారేమో అన్నదే నాకున్న పెద్ద భయం. సీడీలు పోయాయన్నారు. అంటే పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఇన్నేళ్లుగా మీరు దాచుకున్న శుభలేఖల నమూనాలు అన్నీ ఆ ఒక్క డిస్క్ మీదే ఉన్నాయి. ఫార్మాట్ చేస్తే కంప్యూటర్ కొన్నాళ్లు చురుగ్గా కనిపిస్తుంది, మీ చేతిలోని పని మాత్రం పోతుంది. అందుకని ఎవరు చెప్పినా ఫార్మాట్‌కు ఒప్పుకోకండి. నలభై వేల కొత్తదానికీ ఒప్పుకోకండి. మీ 12,000లో సగం లోపే ఈ కంప్యూటర్‌ను మళ్లీ దారిలో పెట్టవచ్చు. మిగతా సగం మీ అమ్మాయి కోసం పక్కన పెట్టవచ్చు.

మీ కంప్యూటర్ పాతదే, కానీ పాతబడి నెమ్మదించిందనడం సరికాదు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. నాలుగో తరం ఐ3 దాని తర్వాత పన్నెండేళ్లకు వచ్చిన ప్రాసెసర్. రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు ఉన్న ఆ చిప్‌కు మీ పని ఒక లెక్కలోది కాదు. ఇబ్బంది ఎక్కడుందో మీరే చూడవచ్చు. కంప్యూటర్ ఆన్ చేశాక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ ఒకేసారి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. చిన్న పెట్టెలా వస్తే కింద ‘మోర్ డీటైల్స్’ నొక్కండి. పైన సీపీయూ (అంటే ప్రాసెసర్), మెమరీ, డిస్క్ అని గడులు కనిపిస్తాయి. సీపీయూ దగ్గర ఇరవై శాతం లోపు ఉండి, డిస్క్ దగ్గర 100 శాతం చాలాసేపు కదలకుండా ఉంటే నేరం ఎవరిదో తేలిపోయినట్టే. మీరు రాసిన లక్షణాలకు తొంభై పాళ్లు అదే కనిపిస్తుందని నా నమ్మకం.

అదెందుకో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే దుకాణంలో మీరు బేరం చేయాలన్నా, వద్దని చెప్పాలన్నా ఇదే ఆధారం. పాతకాలపు హార్డ్ డిస్క్ లోపల అద్దంలాంటి పళ్లెం తిరుగుతుంటుంది. మామూలు డెస్క్‌టాప్ డిస్కులో అది నిమిషానికి 7,200 సార్లు, అంటే సెకనుకు 120 సార్లు. సన్నటి చెయ్యి ఒకటి ఆ పళ్లెం మీద అటూ ఇటూ జరుగుతూ సమాచారం చదువుతుంది. కావలసిన ముక్క దగ్గరికి చెయ్యి చేరాలి, ఆ ముక్క తిరిగి తిరిగి దాని కిందికి రావాలి. ఈ రెండూ కలిపి పది, పదిహేను మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఎక్కడెక్కడో చెదిరి ఉన్న చిన్న ముక్కలను సెకనుకు వంద కూడా చదవలేదు. విండోస్ 10 లేవగానే అలాంటి ముక్కలు వేలకు వేలు అడుగుతుంది. అప్‌డేట్లు, యాంటీవైరస్, వెతుకులాట కోసం తయారయ్యే సూచిక, అన్నీ ఒకేసారి ఆ ఒక్క చేతి కోసం వరుసలో నిలబడతాయి. దీనికి తోడు మీ ర్యామ్ 4 జీబీయే. క్రోమ్ తెరవగానే అది నిండిపోతుంది. నిండినప్పుడల్లా విండోస్ కొంత సమాచారాన్ని తీసుకెళ్లి మళ్లీ అదే డిస్కులో పెడుతుంది. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని డిస్క్ కోసం ఎదురుచూస్తుంటుంది. హార్డ్ డిస్క్ బదులు పెట్టుకునే కొత్త రకం డిస్కును ఎస్ఎస్‌డీ అంటారు. అందులో తిరిగే పళ్లెమూ లేదు, జరిగే చెయ్యీ లేదు. చౌక రకం కూడా అలాంటి ముక్కలను సెకనుకు వేల సంఖ్యలో అందిస్తుంది. అందుకే మిగతా వస్తువులేవీ ముట్టుకోకుండా డిస్క్ ఒక్కటి మార్చినా మనిషి గమనించేంత తేడా వస్తుంది.

డబ్బు తీసే ముందు చేయాల్సిన పని ఫైళ్లు దాచుకోవడం. 64 జీబీ పెన్ డ్రైవ్ ఒకటి తీసుకోండి. డెస్క్‌టాప్ మీదున్నవి, డాక్యుమెంట్స్‌లో ఉన్నవి, డీ డ్రైవ్‌లో ఉన్న పని ఫైళ్లు అందులోకి ఎక్కించండి. పేజ్‌మేకర్ ఫైళ్లు, బొమ్మలు గీసే కోరెల్ సాఫ్ట్‌వేర్ ఉంటే ఆ ఫైళ్లు, వాటిలో వాడిన బొమ్మలు కూడా మరవకండి. పేజ్‌మేకర్ ఫైలు మాత్రమే దాచి, అందులో వాడిన వినాయకుడి బొమ్మ దాచకపోతే రేపు ఆ చోట మసక పెట్టె మిగులుతుంది. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల ఫాంట్స్ అని ఉంటుంది, అందులోని అను ఫాంట్లన్నీ విడిగా కాపీ చేసుకోండి. ముఖ్యమైనవి మీ గూగుల్ ఖాతాలోని డ్రైవ్‌లోకి కూడా ఎక్కించండి, 15 జీబీ దాకా ఉచితం. ఒక్క పెన్ డ్రైవ్‌ను నమ్ముకోవడం మంచిది కాదు.

ఆ తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మీ హార్డ్ డిస్క్ ఆరోగ్యం చూడండి. నీలం రంగులో ‘గుడ్’ అని ఉంటే నిశ్చింత. పసుపు రంగులో ‘కాషన్’ అని వస్తే డిస్క్ లోపల చెడిపోయిన చోట్లు ఉన్నాయని అర్థం. అలాంటప్పుడు ఇక ఆలస్యం చేయకూడదు, ఆ రోజే ఫైళ్లు బయటికి తీయాలి.

ఇప్పుడు ఎస్ఎస్‌డీ. మీకు కావలసింది 2.5 అంగుళాల సాటా రకం (సాటా అనే కేబులుతో తగిలించేది), 240 లేదా 256 జీబీ. మీ తరం మదర్‌బోర్డులకు (కంప్యూటర్ లోపలి ప్రధాన బోర్డుకు) నేరుగా గుచ్చే ఎన్‌వీఎంఈ రకం పెట్టే చోటు సాధారణంగా ఉండదు, ఎవరైనా అది వేగమైనదని అంటగట్టబోతే వద్దనండి. ధర విషయంలో జాగ్రత్త అవసరం. 2025 చివరి నుంచి మెమరీ చిప్పుల ధరలు పెరుగుతూ వచ్చాయి. ఏఐ డేటా సెంటర్లు వాటిని పెద్దఎత్తున కొంటుండటమే ప్రధాన కారణం. మైక్రాన్ సంస్థ 2025 డిసెంబరులో, క్రూషియల్ పేరుతో మామూలు వినియోగదారులకు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకొంటున్నట్టు ప్రకటించింది. కాబట్టి మీ పక్కింటివాళ్లు రెండేళ్ల కిందట కొన్న ధర మీకు దొరకదు. నేను మీ డబ్బుకు వేసే హద్దు 3,500. రెండు దుకాణాల్లో అడగండి, ఆన్‌లైన్‌లో కూడా చూడండి. పేరు తెలియని బ్రాండ్ రెండు వందలు తక్కువకు వస్తుందంటే ఆశపడకండి. మీ పదేళ్ల పని పెట్టబోతున్న వస్తువు అది. కనీసం మూడేళ్ల వారంటీ, బిల్లు ఉండాల్సిందే.

పాత డిస్కులో ఉన్నది ఉన్నట్టుగా కొత్తదాని మీదికి ఎక్కించడాన్ని క్లోనింగ్ అంటారు. మీకు కావలసింది ఇదే. క్లోన్ చేస్తే విండోస్, పేజ్‌మేకర్, ఫాంట్లు, కీబోర్డు అమరిక, తెర మీది బొమ్మల వరుసతో సహా అలాగే వస్తాయి, ఏ సీడీ అక్కర్లేదు. ఇక్కడొక చిక్కుంది. మీ పాత డిస్క్ 500 జీబీ, కొత్తది దానిలో సగం. క్లోన్‌జిల్లా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పెద్ద డిస్కును చిన్నదానిలోకి నేరుగా ఎక్కించదు. 480 జీబీ కొన్నా ఇదే ఇబ్బంది, 500కు ఇరవై తక్కువ కదా. ఎస్ఎస్‌డీ కంపెనీలు కొన్ని తమ వస్తువుతో పాటు ఇచ్చే క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం నిండిన భాగాన్నే కుదించి ఎక్కించగలదు. కొనేముందు అది వస్తుందా అని అడగండి. దుకాణదారుతో చేయిస్తే మాట ఇలా చెప్పండి: “సీ డ్రైవ్‌ను, దానితో పాటు ఉండే, కంప్యూటర్‌ను లేపే బూట్ భాగాన్ని క్లోన్ చేయండి, డీ డ్రైవ్ పాత డిస్కులోనే ఉండనివ్వండి, ఏదీ చెరపకండి.” ఆ పని జరుగుతున్నంతసేపూ అక్కడే కూర్చోండి. పాత డిస్కును ఇంటికి తెచ్చుకోండి. కొత్తదానిలో పేజ్‌మేకర్ తెరిచి, ఒక పాత శుభలేఖ తెరిచి, ట్రేసింగ్ మీద ప్రింటు తీసి, అక్షరాలు సరిగ్గా వచ్చాయని చూశాకే ఆ పాత డిస్కులోని సీ భాగాన్ని వేరే పనికి వాడుకోండి.

కేబినెట్ మూత తీసినప్పుడు ఒక చిన్న సంగతి గమనించండి. నాలుగో తరం ఐ3 ఉన్న చాలా కంప్యూటర్లలో హెచ్81 చిప్‌సెట్ మదర్‌బోర్డు ఉంటుంది. దాని మీద సాటా కేబులు గుచ్చే చోట్లు నాలుగు. అందులో రెండే 6 గిగాబిట్ వేగం కలవి, మిగతా రెండూ 3 గిగాబిట్‌వి. చాలా బోర్డుల మీద పక్కనే చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది, కొన్నిటికి రంగు కూడా వేరు. ఎస్ఎస్‌డీ వేగమైన చోటే ఉండాలి. హార్డ్ డిస్క్ దేనికైనా సరిపోతుంది. తొందరలో ఉన్న కుర్రవాడు ఏది దొరికితే దానికి గుచ్చేస్తాడు, అందుకని చెప్తున్నాను. ఎస్ఎస్‌డీ చిన్నది, తేలికైనది, కదిలే భాగాలు లేనిది. దాన్ని బిగించే బ్రాకెట్ లేకపోయినా రెండు మరలతో కేబినెట్‌కు బిగిస్తే చాలు, బ్రాకెట్ కోసం విడిగా మూడు వందలు పెట్టాల్సిన పని లేదు.

ర్యామ్ కొనే ముందు ఒకటి చూసి తీరాలి. సెట్టింగుల్లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే ‘సిస్టమ్ టైప్’ దగ్గర 64-బిట్ అని ఉందా, 32-బిట్ అని ఉందా చూడండి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్లలో చాలామంది 32-బిట్ విండోస్ వేసేవారు. మీది అదే అయితే కొత్త ర్యామ్ కొనడం డబ్బు నేల పాలు చేసుకోవడమే. 32-బిట్ విండోస్ 4 జీబీకి మించి వాడుకోలేదు, ఆ 4 కూడా పూర్తిగా వాడుకోదు. 64-బిట్‌కు మారాలంటే మొత్తం కొత్తగా వేయాలి, మీరు దానికి సిద్ధంగా లేరు. అప్పుడు ఎస్ఎస్‌డీతోనే ఆగిపోండి. 64-బిట్ అయితే మాత్రం ఇంకో 4 జీబీ పుల్ల వేయించండి. డీడీఆర్3, 1600 మెగాహెర్ట్జ్, డెస్క్‌టాప్‌ది. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది, అది పట్టదు. మీ పాత పుల్ల తీసి వెంట తీసుకెళ్తే పొరపాటు జరగదు. ఇది కొత్తది కొనకండి, సెకండ్‌హ్యాండ్‌ది చాలు, వెయ్యి దాటొద్దు. ఎస్ఎస్‌డీకి కొత్తది కొనమని, ర్యామ్‌కు పాతది చాలంటున్నానంటే కారణముంది. రేపు ఈ మదర్‌బోర్డు పోతే ఎస్ఎస్‌డీని ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలించుకోవచ్చు. డీడీఆర్3 ర్యామ్ తర్వాతి తరాలవాటికి పట్టదు, దీనితోనే పోతుంది.

గడియారం తప్పడానికి మందు యాభై రూపాయల లోపే. మదర్‌బోర్డు మీద నాణెంలాంటి గుండ్రటి బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అంటారు, చేతి గడియారాల దుకాణంలో కూడా దొరుకుతుంది. అది అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది. తేదీ తప్పితే బ్యాంకు సైట్లు, జీమెయిల్ తెరుచుకోకుండా ‘మీ కనెక్షన్ భద్రంగా లేదు’ అని హెచ్చరిస్తాయి. దాన్ని వైరస్ అనుకుని ఫార్మాట్ చేయించుకున్నవాళ్లు ఎంతోమంది.

మూత తీశారు కాబట్టి దుమ్ము కూడా దులిపించండి. ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద అల్యూమినియం రెక్కల మధ్య దుమ్ము పేరుకుపోయి ఉంటుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్‌ను వేలితో ఆపి పట్టుకోవాలి, గిర్రున తిరగనివ్వకూడదు. ప్రాసెసర్‌కు, ఆ రెక్కలకు మధ్య పూసిన పేస్టు ఇన్నేళ్లకు ఎండిపోయి ఉంటుంది, కొత్తది బఠాణీ గింజంత వేయించండి. శుభ్రం చేసి, బిగించి, క్లోన్ చేసినందుకు అన్నిటికీ కలిపి 700 కూలి సబబు. పెన్ డ్రైవ్‌తో సహా మొత్తం లెక్క 6,000 దాటకూడదు. గ్రాఫిక్స్ కార్డు, గాజు కేబినెట్, రంగుల ఫ్యాన్లు లాంటి మాటలు వస్తే వినకండి.

ఇక సపోర్టు సంగతి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. దానివల్ల మీ కంప్యూటర్ ఆగిపోదు, పేజ్‌మేకర్ ఆగిపోదు. కొత్తగా బయటపడే లోపాలకు మాత్రం మరమ్మతు రాదు. ఇళ్లలో వాడేవారికి 2026 అక్టోబరు 13 దాకా అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం ఉంది. విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 వేసి ఉంటే, సెట్టింగుల్లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ‘ఎన్‌రోల్ నౌ’ అని కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టనక్కర్లేదు. దుకాణంలో ఎవరైనా ఈ పనికి రుసుము అడిగితే ఇవ్వకండి.

ఆ తేదీ దాటాక మీ కంప్యూటర్‌ను ఇంటర్నెట్ నుంచి తప్పించేయమని నా సలహా. శుభలేఖ దిద్దడానికి నెట్ అవసరం లేదు. బ్యాంకు పని, యూపీఐ, ఈమెయిల్ మీ ఫోనులో జరుగుతాయి. గిరాకీవాళ్లు వాట్సాప్‌లో పంపే పేర్లు, ఫొటోలు ఫోను నుంచి కేబులుతో ఎక్కించుకోవచ్చు, ప్రూఫు పీడీఎఫ్‌ను అలాగే ఫోనులోకి తీసుకుని పంపవచ్చు. ఇక మిగిలే ముప్పు పెన్ డ్రైవ్. ప్రెస్సుకు, జిరాక్స్ దుకాణానికి, మళ్లీ మీ ఇంటికి తిరిగే పెన్ డ్రైవ్ ఊళ్లోని వైరస్‌లన్నీ మోసుకొస్తుంది. గుచ్చగానే తెరవకండి. దాని మీద కుడి మీట నొక్కి డిఫెండర్‌తో స్కాన్ చేశాకే తెరవండి. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారి కనిపిస్తే వాటిని అసలు నొక్కకండి. విండోస్‌తో వచ్చే ఆ డిఫెండర్‌కు వైరస్ గుర్తుల అప్‌డేట్లు 2028 అక్టోబరు దాకా ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. కాబట్టి వారానికోసారి నెట్ తగిలించి వాటిని మాత్రం తెచ్చుకుని మళ్లీ తీసేయండి.

విండోస్ 11 వేస్తామన్న దుకాణం మాట అబద్ధమేమీ కాదు, వేయగలరు. విండోస్ 11కు కనీసం ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్, భద్రత కోసం వాడే టీపీఎం 2.0 చిప్ ఉండాలన్నది మైక్రోసాఫ్ట్ నియమం. మీది నాలుగో తరం. ఆ తనిఖీని దాటవేసి ఎక్కించే పద్ధతులు అందరికీ తెలుసు. కానీ అలా ఎక్కించిన కంప్యూటర్‌కు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. అప్‌డేట్ల కోసమే కదా మారాలనుకున్నది! పైగా అందుకోసం ఫార్మాట్ చేస్తే పేజ్‌మేకర్ పోతుంది. ఈ బేరంలో మీకు లాభం ఒక్కటీ కనిపించడం లేదు.

విండోస్ బదులు వేసుకునే లినక్స్ గురించి మీరు అడగలేదు గానీ, పాత కంప్యూటర్ మాట వస్తే ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి రాస్తున్నాను. లినక్స్ మింట్ నాకెంతో ఇష్టమైనది, ఉచితం, నాలుగో తరం ఐ3 మీద చక్కగా నడుస్తుంది. 22వ వెర్షన్‌కు 2029 దాకా అప్‌డేట్లున్నాయి. మామూలుగా ఇంట్లో సినిమాలు చూడటానికి, ఉత్తరాలు రాసుకోవడానికి, పిల్లల చదువుకు ఎవరైనా అడిగితే వెంటనే అదే వేయమంటాను. మీకు మాత్రం ఇప్పుడే చెప్పను. పేజ్‌మేకర్, అను దాని మీద నేరుగా నడవవు. మీ అమ్మాయికి కావలసిన జమాఖర్చుల సాఫ్ట్‌వేర్ టాలీ కూడా విండోస్‌దే. పని ఆగిపోయే మార్పు ఎంత మంచిదైనా కూడు పెట్టే మనిషికి కష్టమే.

అయినా ఒక మాట మనసులో ఉంచుకోండి. అను ఫాంట్లు యూనికోడ్‌కు, అంటే అన్ని కంప్యూటర్లూ ఫోన్లూ ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతికి, ముందు కాలానివి. వాటితో టైపు చేసింది వాట్సాప్‌లో అతికిస్తే అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలుగా కనిపిస్తుంది, ఇది మీకు రోజూ అనుభవమే అయి ఉంటుంది. పేజ్‌మేకర్ యూనికోడ్‌ను చదవలేదు. స్క్రైబస్ అనే ఉచిత పేజీ అమరిక సాఫ్ట్‌వేర్ 1.6 వెర్షన్‌లో తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగ్గా వస్తాయి, విండోస్ మీదా నడుస్తుంది. మల్లన్న, రామభద్ర, సురన్న, మండలి, పెద్దన, తెనాలి రామకృష్ణ లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. శుభలేఖ శీర్షికకు పనికొచ్చే అందమైన అక్షరాలు వాటిలో ఉన్నాయి. మీ వేళ్లకు అలవాటైన యాపిల్ కీబోర్డు అమరిక లినక్స్‌లో కూడా ఉంది, ఎం17ఎన్ అనే ప్యాకేజీలో వస్తుంది. ఇవన్నీ ఈ నెలలో చేయాల్సినవి కావు. పెళ్లిళ్ల ముహూర్తాలు లేని మూఢం రోజుల్లో మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క కరపత్రం స్క్రైబస్‌లో చేసి చూడండి. ఎప్పుడో ఒకరోజు పాత కంప్యూటర్ పూర్తిగా మొరాయించినప్పుడు, మీ చేతిలో ఇంకో దారి ఉంటుంది.

మీ అమ్మాయి విషయానికి వద్దాం. బీకాం కంప్యూటర్స్ మొదటి ఏడాదిలో కావలసింది ఎక్సెల్, వర్డ్ లాంటివి, కొద్దిగా ప్రోగ్రామింగ్. బాగుచేసిన మీ కంప్యూటర్ ఆ పనికి సరిపోతుంది. తనకు వేరే యూజర్ ఖాతా తెరిచి ఇవ్వండి, అడ్మినిస్ట్రేటర్ హక్కులు లేనిది. అప్పుడు తను ఏది డౌన్‌లోడ్ చేసుకున్నా మీ పేజ్‌మేకర్ జోలికి రాదు. ఎక్సెల్ బదులు లిబ్రేఆఫీస్ క్యాల్క్ పెట్టుకోవచ్చు, ఉచితం. టాలీప్రైమ్‌ను ఎడ్యుకేషన్ మోడ్‌లో డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీలు వేయనిస్తుంది, సాధన చేయడానికి అది చాలు. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పూర్తి టాలీ లైసెన్సు కొనమంటే తొందరపడకండి. టాలీప్రైమ్‌కు 64-బిట్ విండోస్ కావాలి. మీది 32-బిట్ అని తేలితే మాత్రం టాలీ నేర్పే సెమిస్టర్ మొదలయ్యేలోపు తనకు వేరే కంప్యూటర్ చూడాల్సిందే.

ఆ వేరే కంప్యూటర్‌కు మిగిలిన ఆరు వేలు బయానా అనుకోండి. ఇంకో చిన్న చీటీ వేసి మరో తొమ్మిది వేలు కూడబెట్టగలిగితే, కంపెనీల్లో మూడు నాలుగేళ్లు వాడి తీసేసిన ఆఫీసు డెస్క్‌టాప్ దొరుకుతుంది. కరీంనగర్‌లో చూడండి, లేదా హైదరాబాదు వెళ్లే పని ఉంటే సికింద్రాబాదు ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో. అక్కడ ఒకదాని పక్కన ఒకటి దుకాణాలే కాబట్టి ధరలు పోల్చుకోవచ్చు. ‘ఐ7 ఉంది, తీసుకోండి’ అంటారు. ఐ5, ఐ7 అన్న మాటకన్నా దాని పక్కనున్న అంకె చూడండి. ఐ7-2600 అంటే 2011 నాటి రెండో తరం, మీ ఇంట్లో ఉన్నదానికన్నా పాతది. ఐ5-8400, ఐ5-8500 అంటే ఎనిమిదో తరం, ఆరు కోర్లు, విండోస్ 11కు అర్హత ఉన్నది. పెట్టె మీది పేరుతో కూడా పోల్చుకోవచ్చు. డెల్‌లో ఆప్టిప్లెక్స్ 3060, 5060, 7060 ఎనిమిదో తరానివి, 3050, 7050 దానికి ముందువి. హెచ్‌పీలో ఎలైట్‌డెస్క్ 800 జీ4, లెనోవోలో థింక్‌సెంటర్ ఎం720. చూడటానికి రెండు తరాలవీ ఒకేలా ఉంటాయి, ఒక్క అంకె తేడా. ఏడో తరం కొంటే మీరిప్పుడు పడుతున్న చిక్కునే మళ్లీ డబ్బిచ్చి కొనుక్కున్నట్టవుతుంది. అంకె మీద సందేహం ఉంటే అక్కడే విండోస్, ఆర్ మీటలు కలిపి నొక్కి టీపీఎం.ఎంఎస్‌సీ అని కొట్టించండి. వెర్షన్ 2.0 అని కనిపించాలి.

బ్రాండెడ్ ఆఫీసు పెట్టెలో ఇంకో మేలుంది. సాధారణంగా విండోస్ లైసెన్సు దాని మదర్‌బోర్డులోనే ఉంటుంది, దొంగ విండోస్ వేయించుకునే అవసరం రాదు. సెట్టింగుల్లో యాక్టివేషన్ పేజీ తెరిచి, డిజిటల్ లైసెన్సుతో యాక్టివేట్ అయినట్టు చూపమనండి. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీతో 15,000 దాటితే నేనైతే కొననివ్వను. ర్యామ్ ధరలు పెరిగాయని చెప్పి 4 జీబీతో ఇవ్వబోతే, ధర అంతమేర తగ్గించమనండి.

కొత్త మానిటర్ కొనకండి, మీ పాతదే ఇద్దరికీ సరిపోతుంది. కాకపోతే మీ మానిటర్‌కు నీలం రంగు వీజీఏ కేబులు మాత్రమే ఉండి ఉంటుంది, ఆ ఆఫీసు పెట్టెల్లో చాలావాటికి డిస్‌ప్లేపోర్ట్ గానీ హెచ్‌డీఎంఐ గానీ ఉంటుంది. మధ్యలో తగిలించే చిన్న అడాప్టర్ కావాలి, దాన్ని కూడా బేరంలోనే కలిపి ఇమ్మనండి. పవర్ కేబులు, వారంటీ ఎన్ని నెలలో బిల్లు మీద రాసి ఇవ్వడం కూడా అడగాల్సినవే. కరీంనగర్‌లో కొంటున్నట్లయితే మీ ప్రింటర్‌ను, దాని కేబులును కూడా వెంట తీసుకెళ్లండి. మీది పాత లేజర్ ప్రింటర్ అయితే విండోస్ 11లో దాని డ్రైవర్ ఎక్కుతుందో లేదో డబ్బు ఇవ్వకముందే ఒక పేజీ తీసి చూసుకోవచ్చు.